ఆకులు పండేదాకా

సోమవారం పొద్దున పదింటికి కెరీ వచ్చేసరికి ఎనిడ్ ముంగిట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఎండిన పూల కాడలు గిల్లుతోంది. డాఫొడిల్స్ పూలు పోయి మూడు వారాలైంది. ఇప్పుడున్నవి ఆకులే. మూరెడు పొడుగు ఆకులు నిలబడే ఓపిక లేక నడిచే దారి అంచు దాకా వాలిపోయాయి. చివర్లు పసుపెక్కి, తలంటుకున్నాక ఆరబోసిన జుట్టులా ఎటుబడితే అటు పడి ఉన్నాయి.

"ఇవి ఇంకా తీయలేదా బంగారం?" అంది కెరీ.

వరసగా ఎనిమిది చిన్న ఇళ్ళు. అరవై దాటిన వాళ్ళకి ఒక ట్రస్టు అద్దెకిచ్చేవి. వాటి మంచిచెడ్డలు చూడడం కెరీ ఉద్యోగం. ఆ పిల్లకి ముప్పై రెండేళ్ళుంటాయి. డెబ్బై నాలుగేళ్ళ ఎనిడ్‌ని బంగారం అనడంలో చెడు ఉద్దేశమేమీ లేదు, అందర్నీ అలాగే అంటుంది. అలా అన్న ప్రతిసారీ ఎనిడ్‌కి ఎవరో బుగ్గ గిల్లినట్టుంటుంది.

"తీయకూడదమ్మా. వాటంతటవే పండి రాలాలి. జూన్ సగం దాకా అలాగే ఉంటాయి."

"చచ్చిపోయాయి కదా, ఇంకా ఎందుకు?"

"చావలేదు, తింటున్నాయి. ఈ ఆకు తాగిన ఎండే కింద గడ్డలోకి దిగుతుంది. ఇప్పుడు కోశామా, వచ్చే ఏడు అన్నీ గుడ్డివే వస్తాయి."

"గుడ్డివా?"

"ఆకు వస్తుంది, పువ్వు రాదు. దాన్నే గుడ్డి గడ్డ అంటాం మేం."

ఎనిడ్ ముప్పై ఒక్క ఏళ్ళు పూలగడ్డల షెడ్డులో పనిచేసింది. జల్లెడ బల్ల ముందు నిలబడి, కదిలే పట్టా మీద వచ్చే గడ్డల్ని చేత్తో తడిమి, మెత్తబడిందేదో గట్టిదేదో చూడకుండానే చెప్పేది. కెరీ ఆ మాటలు మర్యాదగానే వింది. తర్వాత చేతిలో ఉన్న ట్యాబ్ వైపు చూసుకుంది.

"నాకేం ఇబ్బంది లేదు ఎనిడ్ గారూ. కానీ ఫిర్యాదులొచ్చాయి. ఒకటి కాదు, నాలుగు. పోయిన గురువారం ఒక్కరోజే నాలుగు."

"నాలుగా? ఎవరు?"

"అది చెప్పకూడదు." కెరీ ట్యాబ్ ఇటు తిప్పి చూపించింది. "శుక్రవారం ఏడాది తనిఖీ. బయట చూస్తాను, వంటిల్లు చూస్తాను, చివర్న ఈ ప్రశ్న."

అక్షరాలు చిన్నవి. ఎనిడ్ కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని చదివింది. 'ఇంట్లో ఉన్నవారు నెట్టుకొస్తున్నారా?' పక్కన రెండు గళ్ళు. అవును. కాదు.

"ఆకులకీ దీనికీ ఏంటి సంబంధం?"

"ముంగిలి చూస్తే ఇల్లు తెలుస్తుందంటారు మా పైవాళ్ళు. ఐదో నంబరు వెరా గారి సంగతిలో కూడా మొదట ముంగిలే."

వెరాకి నవంబరులో 'కాదు' గడిలో టిక్కు పడింది. జనవరికల్లా ఆమెని టౌన్లో వృద్ధుల హోమ్‌కి పంపేశారు. ఎనిడ్ ఒకసారి బస్సెక్కి వెళ్ళి చూసొచ్చింది. మంచిగదే. కిటికీలోంచి చూస్తే కార్లు పెట్టుకునే స్థలం. వెరా ఆ కార్ల రంగులు లెక్కపెడుతూ కూర్చుంది.

"గురువారం సాయంత్రానికి శుభ్రం చేసెయ్యండి. లేకపోతే తోటపని చేసే రైటిస్‌ని కోత మిషనిచ్చి పంపిస్తాను, అయిదు నిమిషాల పని. అటు చూడండి, క్లిఫర్డ్ గారిది ఎంత ముద్దుగా ఉందో."

పక్కది ఎనిమిదో నంబరు, వరసలో చివరిది. క్లిఫర్డ్ ముంగిట్లో కూడా డాఫొడిల్సే. ఆయన ప్రతి పొదలోని ఆకుల్నీ దగ్గరికి కూడగట్టి, మడిచి, ముడేసి, పైన ఎర్ర రబ్బరు బ్యాండు వేస్తాడు. పోస్టుమాన్ ఉత్తరాల కట్టలు విప్పి దారిలో పారేసే బ్యాండ్లే అవి, ఏరి తెచ్చుకుంటాడు. నలభై ముడులు వరసగా, రిబ్బన్లు కట్టి మడిచిన బడిపిల్లల జడల్లా ఉన్నాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి. మడిచిన ఆకుకి ఎండ తగలదు, లోపల గడ్డ పస్తుంటుంది. ఈ ఏడు ఆయనకి నలభై పొదల్లో పదకొండే పూశాయి. ఎనిడ్ ఒకసారి చెప్పి చూసింది. "మా నాన్న ఇలాగే కట్టేవాడు, బాతూ," అన్నాడు. ఆ ప్రాంతపు మగవాళ్ళకి చనువున్న ఆడవాళ్ళందరూ బాతులే. నాన్న మీదికి పోయాక ఇంకేం మాట్లాడతాం?

కెరీ వెళ్ళాక ఎనిడ్ చాలాసేపు లేవలేదు. నాలుగు ఫిర్యాదులు. ఎనిమిది ఇళ్ళలో తనది తీసేస్తే ఏడు, వెరాది ఖాళీ, ఆరు. ఆరుగురిలో నలుగురు తన మీద చెప్పారన్నమాట. ఏప్రిల్లో ఇదే దారిలో ఆగి ఫొటోలు తీసుకున్నవాళ్ళే. అందరికీ పువ్వు కావాలి, ఆకు మాత్రం అక్కర్లేదు.

కొయ్యనివ్వదు. ముడెయ్యదు. ఇంక మిగిలింది ఒకటే దారి, కప్పెయ్యడం. ఆకులు వాలే వేళకి పైకి లేచే మొక్కని వాటి మధ్యలో పెడితే, ఇది లేస్తుంటే అవి దాని కింద నెమ్మదిగా పండుకుంటాయి. ఎవరికీ కనపడవు. కాకపోతే ఆ పని చెయ్యాల్సింది అక్టోబరులో. ఇది మే నెల, చేతిలో నాలుగు రోజులు.

మధ్యాహ్నం వెళ్ళి ఒకటో నంబరు మ్యూరియల్ తలుపు కొట్టింది. మ్యూరియల్ ముంగిట్లో కొంగముక్కు మొక్క ఉంది. కాయ అచ్చం కొంగ ముక్కులా ఉంటుందని ఆ పేరు. గుబురుగా, మోకాలెత్తున, మెట్ల దాకా పాకిపోయింది.

"నువ్వు కూడా చెప్పావా నా మీద?" అని నేరుగా అడిగింది ఎనిడ్.

"ఏం చెప్పాను?"

"నా ఆకుల గురించి. నాలుగు ఫిర్యాదులొచ్చాయట."

"నాలుగా? నేనైతే ఒక్కటే చేస్తాను, గట్టిగా చేస్తాను," అంది మ్యూరియల్. "చెప్పాలనుకుంటే నీ మొహం మీదే చెప్తాను. నీ జుట్టు గురించి చెప్పలేదూ?"

"చెప్పావు."

"మరి?"

ఎనిడ్ కొంగముక్కు కావాలని అడిగింది.

"మొత్తం పట్టుకుపో. మోకాలి ఆపరేషనయ్యాక నేను వంగలేను, అదేమో తలుపు దాకా వచ్చేసింది, రేపో మాపో టీ అడుగుతుంది. కానీ ఒక్కమాట, మే నెలలో పీకితే వేలాడిపోతుంది."

"తెలుసు."

"తెలిసే చేస్తున్నావా. మీ ఇంట్లో అందరూ ఇంతేనా?"

"నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను చూసి నువ్వే చెప్పు."

మంగళవారం పొద్దున ఏడింటికే మొదలుపెట్టింది. మట్టి తవ్వే ఫోర్కు నాలుగు వైపులా దించి, చుట్టూ మట్టితో సహా పొదని లేపాలి. వేరు కదిలినట్టు దానికి తెలియకూడదు. ఆ నేల నల్లటి మెత్తటి నేల, ఒకప్పుడు నీళ్ళ కింద ఉన్న నేల, పారకి కేకులా తెగుతుంది. అయినా డెబ్బై నాలుగేళ్ళ నడుముకి కేకైనా ఒకటే, రాయైనా ఒకటే. రెండు ఫోర్కులు వీపు వీపు ఆనించి పొదలోకి గుచ్చి, పిడులు విడదీస్తే వేర్లు టపటపమని తెగి పొద రెండు ముక్కలయ్యేది. ఒక్కో ముక్కనీ పాత టీ ట్రే మీద పెట్టి, అయిదిళ్ళు దాటించి మోసుకొచ్చింది. దారిలో మూడుసార్లు గోడల మీద ఆన్చింది.

నాటడం ఇంకా కష్టం. గడ్డల మీద పార పడకూడదు. వాలిన ఆకుల్ని ఎడం చేత్తో పక్కకి దువ్వి పట్టుకుని, కుడిచేత్తో చిన్న తాపీతో గొయ్యి తీసి, మొక్క దించి, మట్టి నొక్కి, ఆకుల్ని మళ్ళీ దాని కిందకి సర్దాలి. దారంచు వైపు 'అమ్మగారి శాలువా' అనే మొక్క పెట్టింది. మడతలు మడతలుగా గుండ్రటి ఆకు, పొద్దున మంచు బొట్టుని జారనివ్వకుండా పట్టుకుంటుంది. అది ఎవర్నీ అడగక్కర్లేదు, పెరటి దారి పగుళ్ళలో దానంతటదే మొలుస్తుంది. సాయంత్రానికి పద్ధెనిమిది మొక్కలు పడ్డాయి. వెనక్కి జరిగి చూస్తే డాఫొడిల్ ఆకు ఒక్కటి కూడా పైకి కనపడలేదు. జున్ను ముక్క పెట్టిన రొట్టె నిలబడే తినేసి, బూట్లతోనే కుర్చీలో నిద్రపోయింది.

బుధవారం లేచి తలుపు తీసేసరికి పద్ధెనిమిదీ వేలాడిపోయి ఉన్నాయి.

ముందు రోజు దాకా వాలినవి ఆకులే. ఇప్పుడు ఆ ఆకుల మీద ఇంకొన్ని ఆకులు కూడా వాలాయి. ముంగిలంతా ఎవరో తడిబట్టలు పడేసి పోయినట్టుంది. ఎండ కూడా ఆ ఒక్కరోజే, ఎప్పుడూ లేనిది, పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఎనిడ్‌కి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మొక్కల మీద కాదు. ఫలానా వాళ్ళ మీద అని చెప్పడానికి పేరు కూడా లేని కోపం.

ముందుగది కిటికీకున్న పల్చటి తెరలు పీకి, కర్రలు పాతి, మొక్కల మీద పందిరిలా పరిచింది.

"ఏం బాతూ, లోపల ఎండ చాల్లేదా, తెరలు బయట కట్టావు?" అన్నాడు క్లిఫర్డ్ కంచె అవతల నుంచి. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. పొద్దున్నే గడ్డం గీసుకుని, టై కూడా కట్టుకున్నాడు. కాలవల బోర్డులో పంపు స్టేషను చూసేవాడు. నీళ్ళు ఎంత ఎత్తున్నాయో గంట గంటకీ పుస్తకంలో రాసిన చెయ్యి.

"నవ్వకు. నీ నీళ్ళ డబ్బా ఇవ్వు, నాది కారుతోంది."

"వంటింట్లో ఉంది. టీ కూడా పెడతాను రా."

వంటిల్లు అద్దంలా ఉంది. గిన్నెలు బోర్లించి, తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఉంది. క్లిఫర్డ్ కెటిల్ మీట నొక్కాడు. "పాలు తియ్యవూ," అన్నాడు.

ఎనిడ్ ఫ్రిజ్ తెరిచింది. అన్నీ పాలే. అర లీటరు సీసాలు, పై అర, కింద అర, తలుపులో, కూరల డబ్బాలో. ఇరవై దాకా ఉంటాయి. కొన్ని ఉబ్బి మూతలు పైకి లేచాయి. సగానికి పైగా సీసాలు మూత తీసినవే. వెన్న లేదు, గుడ్లు లేవు.

"ఇన్ని పాలెందుకు క్లిఫ్?"

"ఇంట్లో పాలు లేవు కదా, పొద్దున తెచ్చాను," అన్నాడాయన కప్పులు తుడుస్తూ.

ఎనిడ్ కొత్త సీసా ఏదో తేదీలు చూసి వెతుకుతుంటే, ఫ్రిజ్ పక్కన గోడకున్న ఫోను కనపడింది. దాని కింద చీటీ అంటించి ఉంది. పంపు పుస్తకంలో రాసిన చేతిరాతే, నిటారుగా, పొందిగ్గా. 'పక్కింటి ఎనిడ్ ఆకులన్నీ వాలిపోయాయి. ఒంట్లో బాగున్నట్టు లేదు. ట్రస్టుకి ఫోన్ చేసి ఎవరినైనా పంపమనాలి.'

ఆ చీటీని మూడుసార్లు చదివింది. చేసేశాను అని కొట్టేసిన గీత లేదు. ఫోను ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా కొత్తగా చదివి ఉంటాడు. కొత్తగా కంగారు పడి ఉంటాడు. గురువారం నాలుగుసార్లు ఆ ముందు నుంచి వెళ్ళాడు.

నలుగురు లేరు. ఒక్కడే.

"చక్కెర ఎన్ని?" అన్నాడు క్లిఫర్డ్. పదకొండేళ్ళుగా ఆమెకి టీ ఇస్తున్నాడు.

"వద్దు," అంది ఎనిడ్. "ఎప్పుడూ వేసుకోను."

గురువారం మొక్కలు కొంచెం తల ఎత్తాయి. పద్ధెనిమిదిలో పన్నెండు. మిగతా ఆరు ఏమంటాయో తెలీదు. రోజంతా గంటకోసారి నీళ్ళు పోసింది. మధ్యమధ్యలో కంచె దాటి వెళ్ళి క్లిఫర్డ్ పాలసీసాలు సింకులో వంపింది. తన ముంగిలి ఎండుతుంటే ఇక్కడ ఇంకొకడి పాలు పారబోస్తున్నాననే చిరాకు వేళ్ళ చివర్ల దాకా వచ్చింది.

"నీ ఫోన్ల వల్ల నా ఇల్లు పోయేది, తెలుసా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"ఏ ఫోన్లు?"

వానని తిట్టినట్టుంది. ఎనిడ్ ఇంకో మూత తిప్పింది. గోడ మీద చీటీ ఊడదీసి జేబులో పెట్టుకుంది. "సరే, ఇది చెప్పు. ఆ ముడులు ఎందుకేస్తావు? నిజంగా మీ నాన్న చెప్పాడనేనా?"

క్లిఫర్డ్ కిటికీలోంచి బయటకి చూశాడు. టై సర్దుకున్నాడు.

"ముడేస్తే వేసినట్టు కనపడుతుంది, బాతూ. చేశానో లేదో మళ్ళీ ఆలోచించక్కర్లేదు. చూస్తే చాలు."

సింకులో పాలు గుడగుడమంటూ దిగాయి. ఎనిడ్ కొళాయి తిప్పి కడిగేసింది.

సాయంత్రం అయిదింటికి రైటిస్ కోత మిషను భుజానికి తగిలించుకుని వచ్చాడు. లిథువేనియా నుంచి వచ్చి పద్ధెనిమిదేళ్ళైన మనిషి, యాభై దాటాయి, నెరిసిన మీసాలు. తెరల పందిరి చుట్టూ ఒక రౌండు తిరిగాడు.

"వాలిన ఆకులు కొయ్యమన్నారు అమ్మా. ఇందులో వాలనివి ఏవి?"

"రేపటికి లేస్తాయి."

"అన్నీనా?"

"నాకేం తెలుసు నాయనా."

రైటిస్ వంగి, తెర ఎత్తి, కొంగముక్కు కాడని రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. దాని కింద ఉన్న డాఫొడిల్ ఆకుల్ని కూడా చూశాడు. "రేపు గడ్డి కొయ్యాలి, ఒకటో నంబరు నుంచి మొదలుపెడతా. ఇక్కడికి వచ్చేసరికి పదవుతుంది," అన్నాడు. మిషను స్టార్టు చెయ్యకుండానే వెళ్ళిపోయాడు.

శుక్రవారం కెరీ తొమ్మిదిన్నరకి వచ్చింది. అంతకు ముందే ఎనిడ్ తెరలు విప్పి, లేవని నాలుగు మొక్కల్ని పీకి పెరట్లో పడేసింది. ఆ ఖాళీల్లో శాలువా మొక్కలు దగ్గరగా జరిపి కూర్చోబెట్టింది. రాత్రి చినుకులు పడ్డాయి. ప్రతి ఆకులోనూ ఒక నీటిబొట్టు నిలబడి ఉంది.

"అయ్యో, ఎంత బాగుందో," అంది కెరీ. నిజంగానే అంది. "అవి తీసేశారా మరి?"

"కనపడుతున్నాయా?"

"లేదు."

"మరింకేం."

కెరీ ఫొటో తీసుకుంది. "ఈ పని ముందే చేసుంటే ఈ గొడవంతా ఉండేది కాదు కదా బంగారం," అంది. ఎనిడ్ గొంతులోకి ఓ పది మాటలొచ్చాయి. ముప్పై ఒక్క ఏళ్ళ షెడ్డు వచ్చింది, టీ ట్రే వచ్చింది, ఇంటి లోపల తెరల్లేని కిటికీ వచ్చింది. అన్నిట్నీ మింగి, వంటిల్లు చూపించింది. కెరీ పొయ్యి చూసింది, ఫ్రిజ్ చూసింది, 'అవును' మీద వేలు పెట్టింది. అంతే. చిన్న శబ్దం కూడా రాలేదు.

"పక్కకి నేనూ వస్తాను," అంది ఎనిడ్. "ఈ టైముకి మాకు టీ."

క్లిఫర్డ్ తలుపు తీశాడు. గీసిన గడ్డం, టై. కెరీ ఆయన ముడుల వరస వైపు మెచ్చుకోలుగా చూసి లోపలికి వచ్చింది. ఫ్రిజ్‌లో ఒక పాలసీసా, వెన్న, నాలుగు గుడ్లు, హామ్ ముక్క. గుడ్లు ఎనిడ్‌వి.

"మీరైతే ఇంక దిగులు పెట్టుకోకండి క్లిఫర్డ్ గారూ, మీ ఫిర్యాదు తీరిపోయింది," అనేసి కెరీ నాలుక కరుచుకుంది. చెప్పకూడనిది చెప్పేసింది.

"ఏ ఫిర్యాదు?" అన్నాడు క్లిఫర్డ్.

కెరీ ఆయన మొహం వైపు చూసింది. ఈసారి ట్యాబ్ వైపు కాకుండా మొహం వైపే చూసింది. "మీరే కదా ఫోన్ చేశారు, గురువారం. నాలుగుసార్లు చేశారు."

క్లిఫర్డ్ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"అది ఫిర్యాదు కాదు," అంది ఎనిడ్. "నాకు ఒంట్లో బాలేదనుకుని, సాయానికి ఎవరినైనా పంపమని అడిగాడు. మీ ఆఫీసులో దాన్ని ఫిర్యాదు కింద రాసుకున్నారు."

"నాలుగుసార్లా?"

"మొదటిసారి అడిగితే పంపారా మీరు?"

కెరీ మెడ దగ్గర ఎర్రబడింది. "లేదు," అంది.

"అందుకే మళ్ళీ అడిగాడు."

రైటిస్ మిషను ఎక్కడో నాలుగో నంబరు దగ్గర రొద చేస్తోంది. కెరీ ట్యాబ్ మీద కిందకి జరుపుకుంటూ చివరి ప్రశ్న దాకా వచ్చింది. దాన్ని చదవకుండా మామూలుగా అడగాలని ప్రయత్నించింది.

"ఎలా ఉంది క్లిఫర్డ్ గారూ, నెట్టుకొస్తున్నారా?"

క్లిఫర్డ్ ఎనిడ్ వైపు చూశాడు. ఎనిడ్ టీలో ఉన్నదేదో చూసుకుంటున్నట్టు కప్పులోకి చూసింది.

"మేమా?" అన్నాడాయన. "నెట్టుకొస్తున్నాం."

కెరీ వేలు ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత 'అవును' మీద దిగింది.

ఆమె వెళ్ళాక ఎనిడ్ తలుపు వేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. గెలిచిన సంతోషమేమీ రాలేదు. చేతులు రెండూ మోచేతుల దాకా నొప్పి. సోమవారం తన ఇంటి మీద ఉన్న భయం ఇప్పుడు రెండిళ్ళ మీదికి పాకింది. రేపు పొద్దున కూడా ఇదే ఫ్రిజ్ చూడాలి, ఎల్లుండీ చూడాలి.

"విను క్లిఫ్. ఆకులు పండేదాకా ఆగుతాను. జూన్ సగం. అప్పుడు మనం డాక్టరు దగ్గరికి వెళ్తాం. ట్యాబ్ పట్టుకుని ఎవరో వచ్చి తీసుకెళ్ళే లోపు మనమే వెళ్దాం, బస్సులో."

"నాకేమైందని?"

"నీకు తెలుసు."

ఆయన బల్ల మీద తువ్వాలు మడతలు విప్పి, మళ్ళీ పెట్టాడు. "తెలుసు," అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వు కూడా వస్తావా?"

"వస్తాను."

బయట మిషను ఆగింది. రైటిస్ దారిలో నడుచుకుంటూ ఏడో నంబరు దాటి, ఎనిమిది దాటి, ఇటు చూడకుండానే వెళ్ళిపోయాడు. ఎనిడ్ కప్పులు తీసి సింకులో పెట్టింది.

"డాక్టరు దగ్గరికి," అన్నాడు క్లిఫర్డ్ వెనక నుంచి, "నువ్వు కూడా వస్తావా బాతూ?"

"వస్తాను," అంది ఎనిడ్.

కప్పులు కడిగింది. తుడిచింది. బోర్లించింది.

"ఎనిడ్, నాతో నువ్వు కూడా—"

ఎనిడ్ చేతులు తుడుచుకుని, ఇటు తిరిగి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన అడగడం పూర్తయ్యేదాకా ఆగి, మొదటిసారి చెప్పినట్టే చెప్పింది.

"వస్తాను."